పదిహేడో నంబరు

పదిహేడు అని పిలిస్తే గొంతు కాస్త బొంగురు చేసుకుని, పద్దెనిమిది అని పిలిస్తే మామూలుగా. అంతే, అంతకు మించి విద్యేమీ లేదు అందులో. మధ్యలో ఒకసారి తల వంచి దగ్గితే చాలు, రెండు గొంతులూ ఒక నోట్లోంచే వస్తున్నాయని ముందు బెంచీల వాళ్ళు కూడా పట్టుకోలేరు. మా మాష్టారి సంగతి సరేసరి. ముప్ఫై ఏళ్ళుగా ఆయన హాజరు పట్టీలోంచి తలెత్తి క్లాసు వైపు చూసిన పాపాన పోలేదు. తలెత్తని మాష్టారనే పిలిచేవాళ్ళం. బెంచీ కిర్రుమన్నా దానికో టిక్కు పెట్టేవాడు మహానుభావుడు.

పదిహేడు మా బావ. పద్దెనిమిది నేను. కాలేజీలో చేరిన రోజు ఇద్దరం ఒకే వరసలో నిలబడ్డాం కాబట్టి నంబర్లు పక్కపక్కన పడ్డాయి. మా అత్త కొడుకు వాడు, నాకంటే నాలుగు నెలలు పెద్ద. ఆ నాలుగు నెలలు చూసుకునే నాచేత బావా అనిపించుకునేవాడు. ఒకే ఇల్లు, ఒకే గది, ఒకే దువ్వెన. అత్తంటే నాన్నకి చెల్లెలు. మావయ్య పోయాక మా ఇంటికొచ్చేసి, వీధిగదిలో మిషను పెట్టుకుని బట్టలు కుడుతుండేది. నాన్న మా కాలేజీలోనే హాజరు గుమాస్తా. సాయంత్రం అయ్యేసరికి అన్ని క్లాసుల పట్టీలూ ఆయన బల్ల మీదకి చేరాలి. ఎర్రసిరాతో కూడికలు వేసి, ఎవరు ఎన్నాళ్ళొచ్చారో తేల్చి, నెలాఖరుకి గోడకి అంటించేవాడు. ఇరవయ్యారేళ్ళు అదే పని. భోజనాల దగ్గర కూడా ఆ యావ పోయేది కాదు ఆయనకి. కంచం ముందు కూచుని "పదిహేడు?" అనేవాడు. "ప్రెజెంట్ సార్" అనేవాడు బావ. "పద్దెనిమిది?" అంటే నేను. మాకు నంబర్లు లేవా అని అమ్మా అత్తా వంటింట్లోంచి దెప్పేవాళ్ళు.

అది మా ఆఖరు ఏడాది. కొత్తగా వచ్చిన ప్రిన్సిపాలు ఒక నోటీసు పెట్టించాడు: ఒకరి బదులు ఇంకొకరు పలికితే ఇద్దరినీ పరీక్షకి కూర్చోనివ్వరు. దాన్ని గుండ్రటి అక్షరాలతో రాసింది నాన్నే, జిగురు పూసి అంటించిందీ నాన్నే. ఇంటికొచ్చి, "నా కొడుకూ మేనల్లుడూ ఉన్న క్లాసది, నా పరువు తియ్యకండ్రోయ్" అన్నాడు. తియ్యం అన్నాం ఇద్దరం.

వెళ్ళిపోయే ప్రతి క్లాసూ కాలేజీకి ఏదో ఒక వస్తువు ఇచ్చిపోవాలి, అదొక ఆనవాయితీ అక్కడ. గోడ గడియారాలే తొమ్మిది పోగయ్యాయి. తొమ్మిదీ తొమ్మిది టైములు చూపించేవి, మనకి ఏది కావాలంటే అది చూసుకోవడమే. మా క్లాసు మీటింగులో మళ్ళీ గడియారం అనగానే బావ లేచాడు. "ఈసారి గడియారం వద్దు. నాకొదిలెయ్యండి, నేను చేస్తా" అన్నాడు. ఏం చేస్తావురా అంటే చెప్పడు. వాడి చేతిలో ఏదో ఉందని మాకందరికీ తెలుసు. విరిగిన కుర్చీ వాడి కంటపడితే సాయంత్రానికి నాలుగు కాళ్ళ మీద నిలబడేది. సరే కానీ అన్నాం.

అప్పట్నుంచీ మొదలయ్యింది క్లాసులు ఎగ్గొట్టడం. పొద్దున్నే ఇద్దరం సైకిళ్ళ మీద బయల్దేరేవాళ్ళం, వీధి మలుపు దగ్గర వాడు అటు, నేను ఇటు. సాయంత్రం మళ్ళీ అక్కడే కలుసుకుని, ఏమీ ఎరగనట్టు కలిసి ఇంటికి. జుట్టులో రంపప్పొట్టు ఉంటే నేనే దులిపేవాణ్ణి. ఎక్కడికెళ్తున్నావు బావా అని ఎన్నిసార్లు అడిగినా, "నీకు చెప్తే ఇంకేమన్నా ఉందా? నీ నోట్లో నువ్వుగింజ నానదు. వీడ్కోలు సభలో చూద్దువుగానిలే. అందాకా నా బదులు నువ్వు పలుకు" అనేవాడు.

ఉన్నమాట చెప్పొద్దూ, నాకు సరదాగానే ఉండేది. మూడేళ్ళలో నేను నేర్చుకున్న చదువెంతో ఆ దేవుడికే తెలియాలి గాని, ఆ కాలేజీ మాత్రం నాకు ఇంటికంటే ఎక్కువ. వెనక బెంచీ మీద ఆరుగురం ఇరుక్కుని కూచోడం, ఒక్క పుస్తకం పన్నెండు చేతులు మారడం, వానొస్తే క్లాసులో పాఠం వినబడక అందరం కిటికీల దగ్గరికి చేరడం. నా పక్కన కూచునే గుండుగాడు నా బొంగురు గొంతు విని నోట్లో గుడ్డ కుక్కుకుని నవ్వేవాడు. రెండు నెలల్లో నాకు బావ గొంతు నా గొంతుకంటే బాగా వచ్చేసింది.

ఆ వేసవిలోనే అత్తకి మా క్లాసు గౌన్లు కుట్టే పని వచ్చింది. నలభై రెండు నల్లటి గౌన్లు. వీడ్కోలు సభలో అవి వేసుకుని కూర్చుంటాం. తలెత్తని మాష్టారు చివరిసారి హాజరు పిలుస్తాడు, ఒక్కొక్కళ్ళం లేచి పలికి వేదికెక్కి కాగితం అందుకుంటాం. ఆ ఒక్క రోజుకోసం అత్త పగలంతా మిషను ముందే. కూచునేది వీపుకి ఆనుకోడానికి ఏమీ లేని ఎత్తుపీట మీద. నడుం పట్టేసి సాయంత్రానికి వంగినది వంగినట్టే లేచేది. "మీ చదువులయ్యేసరికి నా నడుం కూడా పట్టా పుచ్చుకుంటుంది" అనేది.

*

ఆ మంగళవారం మలుపు దగ్గర బావ ఒక కాలు నేలకి ఆనించి సైకిలాపి, "ఇంకో వారం పలుకు చాలు. తరవాత నా నోరు నాకిచ్చెయ్" అన్నాడు. నీలం గళ్ళ చొక్కా. అదే వాడు నాతో అన్న ఆఖరు మాట.

పదింటికి పలికాను. రెండింటికి పలికాను. సాయంత్రం మలుపు దగ్గర గంటసేపు నిలబడ్డాను. వాడు రాలేదు. పని తెమల్లేదేమో అనుకుని ఇంటికొచ్చేశాను. వాడేడిరా అని నాన్న అడిగితే, క్లాసయ్యాక చూడలేదన్నాను. అబద్ధం కాదు కదా, చూడలేదు.

తెల్లారినా రాలేదు. అత్త వీధి గుమ్మంలో కూచునే ఉంది. నాన్న కాలేజీ తలుపులు తీసీ తియ్యకముందే వెళ్ళి, మా క్లాసు పట్టీ సంచిలో పెట్టుకుని తెచ్చాడు. ఊరడింపుగా అత్త ముందు తెరిచి చూపించాడు. "ఇదిగో చూడమ్మా. పొద్దున ఉన్నాడు, మధ్యాన్నం ఉన్నాడు. మూడింటిదాకా క్లాసులోనే ఉన్నాడు. అంటే కాలేజీ చుట్టుపక్కలే ఎక్కడో ఉంటాడు. దొరుకుతాడు." అత్త ఆ టిక్కు మీద వేలు పెట్టి చూసింది. అప్పుడే నోరు తెరవాల్సింది. తెరవబోయాను కూడా. కానీ పరీక్షలకి పదిహేను రోజులుంది. ఆ నోటీసు నాన్న రాసింది. వాడు ఏ మధ్యాన్నమో ఈలేసుకుంటూ వచ్చేస్తాడు, నేను అనవసరంగా ఇద్దరి చదువూ, నాన్న పరువూ బుగ్గిపాలు చేసినవాణ్ణవుతాను. ఇలా లెక్కలేసుకుంటూ నిలబడ్డాను. ఎంత తెలివైన లెక్కో!

తొమ్మిదింటికి ఒకాయన సైకిలు దిగాడు మా గుమ్మం ముందు. పొట్టిగా, భుజం మీద తువ్వాలుతో. ఊరి ఉత్తరపు చివర, మూతపడ్డ నూలుమిల్లుకి వెళ్ళే దారిలో టీ కొట్టు ఆయనది. కుర్రాడు కనపడ్డం లేదని తెలిసి కొట్టు కట్టేసి వచ్చాడట. నిన్న పొద్దున పదింటికి తన కొట్టు దగ్గర ఆగి టీ తాగి మిల్లు దారిన వెళ్ళాడనీ, తిరిగి రావడం మాత్రం తను చూడలేదనీ చెప్పాడు. ఇంకా ఏదో చెప్పబోతున్నాడు.

నాన్న సంచిలోంచి మళ్ళీ పట్టీ తీశాడు. "పదింటికి వాడు క్లాసులో ఉన్నాడండీ. మీరు ఇంకెవర్నో చూసుంటారు."

"నీలం గళ్ళ చొక్కా బాబూ..."

"అలాంటి చొక్కాలు ఊళ్ళో వంద ఉంటాయి. ఇరవయ్యారేళ్ళుగా చూస్తున్నాను నేను, మనిషి పొరబడతాడు గాని ఈ పుస్తకం పొరబడదు."

ఆయన పట్టీ వైపు చూశాడు, నాన్న వైపు చూశాడు, చివరికి నా వైపు చూశాడు. నేను చెప్పుల వైపు చూసుకున్నాను. "అయితే నా కళ్ళేనేమో లెండి" అని సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

నేను మిల్లుకి వెళ్ళొచ్చు కదా అంటారు. బయల్దేరాను. మలుపుదాకా వెళ్ళాను కూడా. ఎదురుగా క్లాసు వాళ్ళు గుంపుగా వస్తున్నారు, కాలేజీ వెనక చెరువు వెతకడానికి. రారా అన్నారు, వాళ్ళ వెంట పోయాను. గట్టు మీద గుండుగాడు నా పక్కకొచ్చి మెల్లిగా, "నిన్న పలికింది నువ్వే కదరా" అన్నాడు. నోరు మూసుకో అన్నాను. మూసుకున్నాడు. మధ్యాన్నమంతా మేమిద్దరం, వాడు లేని చెరువులో వాడి కోసం కర్రలతో వెతికాం. నా నోట్లో నువ్వుగింజ నానదని బావ వేళాకోళం చేసేవాడే, ఆ రెండు రోజులూ కొండంత మాట నానింది.

గురువారం తెలతెలవారుతుండగా నాన్న పెరట్లో కుళాయి దగ్గర మొహం కడుక్కుంటున్నాడు. వెనకాల నిలబడి చెప్పాను.

"నాన్నా, మొన్న పదిహేడుకి పలికింది నేను."

చెంబు నిండి నీళ్ళు పొర్లిపోతున్నాయి. ఆయన కుళాయి కట్టలేదు.

"రెండు పూటలా?"

"రెండు పూటలా. రెండు నెలల్నుంచీ."

కొడతాడనుకున్నాను. కొట్టలేదు. తడి మొహంతోనే చొక్కా తగిలించుకున్నాడు, గుండీలు తప్పుగా పెట్టుకున్నాడు, సైకిలు తీశాడు. ఆయన మిల్లు దారి పట్టేదాకా నేను కుళాయి కట్టకుండా అక్కడే నిలబడ్డాను.

మిల్లు లోపల సగం అయిన బెంచీ ఒకటి ఉంది. పొడుగ్గా, వీపు చెక్కతో, ఆ చెక్క పైన వరసగా మా నంబర్లు చెక్కుతూ వచ్చాడు. ముప్ఫై ఒకటిదాకా అయ్యాయి. కాళ్ళకి చెక్క కోసం పాత అటక మీదకెక్కి పలకలు లాగుతుంటే అటకంతా వాడితో పాటు కిందకొచ్చింది. తొడ ఎముక విరిగి, మీద దూలం పడి, కదల్లేక పడి ఉన్నాడు. డాక్టరు చూసి, ప్రాణం పోయింది నిన్న సాయంత్రం అయ్యుండాలన్నాడు. నాన్నా నేనూ మొహాలు చూసుకోలేదు. టీ కొట్టాయన మా గుమ్మంలో నిలబడ్డప్పుడు బావ బతికే ఉన్నాడు.

*

అత్తకి చెప్పొద్దన్నాడు నాన్న. "నాకు చెప్పావు, చాలు. అది ఇంకొకటి మొయ్యలేదు. టీ కొట్టాయన మాట మీద అనుమానం వచ్చి వెళ్ళానని చెప్పాను." అంతే, ఆ తరవాత ఆ సంగతి ఆయన నాతో ఎత్తలేదు. అసలు ఏ సంగతీ ఎత్తలేదు.

పదో రోజో పన్నెండో రోజో, మధ్యాన్నం భోజనానికి కూచున్నాం. ఏదో ఆలోచిస్తూ, అలవాటు కొద్దీ, "పదిహేడు?" అన్నాడు నాన్న. అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. నా గొంతు దానంతటది బొంగురుగా మారింది, మాట పెదాలదాకా వచ్చేసింది. పళ్ళ బిగువున ఆపాను. అత్త కంచాల వరసలో నాన్న పక్కనున్న ఖాళీ వైపు కాసేపు చూసి, మంచినీళ్ళ గ్లాసు తీసి అక్కడ పెట్టింది. నాన్న లేచి చెయ్యి కడుక్కున్నాడు. ఆ తరవాత ఆ ఇంట్లో ఎవరూ నంబర్లు పిలవలేదు.

అత్త గౌన్ల పని మానలేదు. వద్దమ్మా, ఇంకెవరికైనా ఇచ్చేద్దాం అంటే, ఒప్పుకున్నాను కదన్నయ్యా అంది. పరీక్షలు అయిపోయాయి. నాకు సాయంత్రాలు పనేమీ లేదు. అత్త కుడుతుంటే కింద కూచుని కచ్చాకుట్లు పీకుతుండేవాణ్ణి. అక్కడ మొదలయ్యింది.

ఒక సాయంత్రం మిషను ఆపి, "ఒరేయ్ అల్లుడూ, ఆ రోజు క్లాసులో ఎలా ఉన్నాడురా?" అంది.

బాగానే ఉన్నాడత్తా అన్నాను. బాగా అంటే? నవ్వుతూనే ఉన్నాడన్నాను. ఎందుకు నవ్వాడు అంది. గుండుగాడు ఏదో అంటే నవ్వాడన్నాను. అత్త మొహం చూడాలి అప్పుడు. నవ్వాడన్న ఆ ఒక్క మాట పట్టుకుని కాసేపు కళ్ళు మూసుకుని కూచుంది. మిషను మళ్ళీ తిప్పింది.

మర్నాడు మళ్ళీ అడిగింది. "మళ్ళీ చెప్పు." ఆ రోజు నా దగ్గర పెన్ను అడిగి తీసుకున్నాడని కలిపాను. మూడో రోజు, కిటికీ పక్కన కూచున్నాడనీ, ఎండ పడుతుంటే పుస్తకం అడ్డం పెట్టుకున్నాడనీ. తరవాత, మాష్టారు అడిగిన ప్రశ్నకి సరిగ్గా జవాబు చెప్పాడని. నాలుగో వారానికి నేను వాడికి పదింటి నుంచి మూడింటిదాకా ఒక పూర్తి రోజు తయారుచేసి ఇచ్చాను. ఏ మాట ముందు చెప్పానో, ఏది తరవాత కలిపానో నేనే మర్చిపోయేవాణ్ణి. అత్త మర్చిపోయేది కాదు. "నిన్న పెన్ను నల్లదన్నావు" అనేది. అవును నల్లదే అనేవాణ్ణి. ఒక్కోసారి నాకే నిజంగా కనిపించేవాడు, ఎండకి పుస్తకం అడ్డం పెట్టుకుని. కాలేజీలో హాజరు పలకడం అయిపోయింది, ఇంట్లో మొదలుపెట్టాను.

"మూడింటిదాకా అంత హాయిగా ఉన్నవాడు, మళ్ళీ అంత దూరం ఎందుకెళ్ళాడురా?" అనేది చివర్లో, ప్రతిసారీ. ఆ ఒక్కదానికీ నేను ఏమీ కల్పించలేకపోయాను.

వీడ్కోలు సభకి వారం ముందు ప్రిన్సిపాలు నాన్నని పిలిచాడు. పోయిన కుర్రాడికి చదువు పూర్తిచేశాడని ఒక పత్రం ఇద్దాం, వాళ్ళమ్మ వేదిక మీద అందుకుంటుంది, హాజరు మూడు వంతులుంటే చాలు అన్నాడు. నాన్న రెండు రోజులు కూడికలు వేశాడు. నా దొంగ టిక్కులు కలిపితే నూటికి డెబ్భై ఎనిమిది. తీసేస్తే సగం పైన కాస్త. డెబ్భై ఎనిమిది అని రాసి కింద సంతకం పెట్టాడు. ఇరవయ్యారేళ్ళలో ఆయన తెలిసి పెట్టిన దొంగ సంతకం అదొక్కటే. ఇంటికొచ్చి ఎర్రసిరా సీసా అటక మీద పడేశాడు.

క్లాసు వాళ్ళు కూడా ఏదో అనుకున్నారు. గుండుగాడు వచ్చి చెప్పాడు. చివరి హాజరులో పదిహేడో నంబరు వదిలెయ్యకుండా పిలుస్తారట, వాడి బదులు నేను లేచి పలకాలట. "క్లాసంతా నువ్వే పలకాలంటున్నారురా. మీ అత్త కూడా సంతోషిస్తుంది. నీకు..." అని ఆగిపోయాడు. నీకు అలవాటేగా అనబోయాడు. సరేనన్నాను.

*

హాలు నిండా నల్లటి గౌన్లు. నలభై ఒకటి మా ఒంటి మీద, నలభై రెండోది మడతపెట్టి అత్త ఒళ్ళో. బావ బెంచీకి వడ్రంగి చేత కాళ్ళు పెట్టించి వేదిక ముందు వేశారు, దాని మీద అత్తనీ అమ్మనీ కూచోబెట్టారు. అత్త వీపు వెనక చెక్క మీద నంబర్లు వెతుక్కుంటూ వేలు పోనిచ్చి, పదిహేడు దగ్గర ఆపింది. పక్కనే పద్దెనిమిది. ఒక వారగా చిన్న బల్ల దగ్గర నాన్న, ముందు పట్టీ. పిలిచిన ప్రతి నంబరుకీ ఆయన ఆఖరి టిక్కు పెట్టాలి.

పాటలయ్యాయి. ఉపన్యాసాలయ్యాయి. మూడేళ్ళ కబుర్లు చెప్పి ఒకడు అందర్నీ నవ్వించాడు, ఒకమ్మాయి ఏడిపించింది. తొమ్మిది గడియారాల మీదా ఒక జోకు పేలింది. తలెత్తని మాష్టారు కళ్ళద్దాలు సవరించుకుని పట్టీ నకలు తెరిచాడు. ఒకటి. రెండు. ఒక్కొక్కళ్ళూ లేచి, "ప్రెజెంట్ సార్" అని, చప్పట్ల మధ్య వేదికెక్కుతున్నారు. పదిహేను. పదహారు.

"పదిహేడు."

లేచాను. హాలంతా నా వైపే చూస్తోంది. అత్త కూడా వెనక్కి తిరిగింది. ఆవిడ మొహంలో చిన్న నవ్వు, ఆ కల్పించిన రోజు గురించి వినేటప్పుడు వచ్చే నవ్వు. పలికేస్తే అయిపోతుంది. ఆ కాగితం అత్తకొస్తుంది, ఆ రోజు ఆవిడ దగ్గరే ఉండిపోతుంది, నాకు నా చదువు మిగుల్తుంది. గొంతు బొంగురు చేసుకోబోయాను. మధ్యలో ఒకసారి దగ్గాలని కూడా గుర్తొచ్చింది.

"రాలేదు సార్" అన్నాను. నా గొంతుతోనే.

మాష్టారు తలెత్తాడు. ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి తలెత్తి, నన్ను వెతుక్కుని చూశాడు.

"ఆ రోజు కూడా రాలేదు సార్. రెండు నెలల్నుంచీ రాలేదు. వాడి బదులు నేనే పలికాను."

ఎవరూ కదల్లేదు. ప్రిన్సిపాలు చేతిలో అత్తకివ్వాల్సిన పత్రం అలాగే ఉంది. నాన్న ఒక్కడే కదిలాడు. జేబులోంచి ఎర్ర పెన్ను తీసి, పట్టీలో పదిహేడుకి ఎదురుగా ఏదో రాశాడు. నాలుగడుగుల దూరంలో ఉన్నాను, కనిపించింది. గైర్హాజరు అని, పూర్తిగా, గుండ్రటి అక్షరాలతో.

అత్త లేచి, గౌను బెంచీ మీద పెట్టి, బయటికి నడిచింది. నేను గౌనుతోనే వెనకాల పరిగెత్తాను.

గేటు దాటింది. రోడ్డు మీద ఎండలో నడుస్తూ, నా వైపు చూడకుండా, అడగడం మొదలుపెట్టింది.

"పెన్ను అడిగాడన్నావు?"

"లేదత్తా."

"కిటికీ పక్కన కూచున్నాడన్నావు?"

"లేదత్తా."

"జవాబు చెప్పాడన్నావు?"

"లేదు."

కొంచెం దూరం నడిచాం. ఎండకి రోడ్డు కాలుతోంది, ఆవిడ చెప్పులు హాల్లోనే వదిలేసి వచ్చింది.

"నవ్వాడన్నావు" అంది. ఇది అడిగినట్టు లేదు.

నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే లేదన్నాను. తిడుతుందేమో, చెంప పగలగొడుతుందేమో అని చూశాను. తిట్టినా బాగుండేది. నాన్నా నేనూ ఇప్పటికీ ఆ తిట్టు కోసమే ఎదురుచూస్తున్నాం అనిపిస్తుంది ఒక్కోసారి. నన్ను ఆ ఏడాది ఫెయిల్ చేశారు, మర్నాడే నాన్న ఉద్యోగానికి రాజీనామా ఇచ్చాడు, ఇప్పుడు నేను పాఠాలు చెప్పుకుని బతుకుతున్నాను, నంబర్లు పిలవను, ఒక్కొక్క మొహం దగ్గరికీ వెళ్ళి చూస్తాను. అవన్నీ తరవాతి సంగతులు. అప్పుడు మాత్రం అత్త రోడ్డు మధ్యలో ఆగింది.

"ఆ టీ కొట్టాయన చూసింది వాణ్ణేనా?"

"వాణ్ణే అత్తా."

"నన్ను అక్కడికి తీసుకెళ్ళు."

వెనక్కి పరిగెత్తి కాలేజీ గేటు దగ్గరున్న నా సైకిలు తెచ్చి, అత్తని వెనక కూచోబెట్టుకుని ఊరి ఆ చివరికి తొక్కాను. నల్లగౌను చక్రంలో పడకుండా అత్తే అంచు పట్టుకుంది. తను కుట్టిన అంచే. టీ కొట్టాయన మమ్మల్ని చూసి గుర్తుపట్టి, గ్లాసులు కడుగుతున్నవాడల్లా చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. స్టూలు వేశాడు. అత్త కూచుని, "ఆ రోజు మా వాడు మీ దగ్గర ఆగాడటగా" అంది. "చెప్పండి."

ఆయన నా వైపు ఒకసారి చూశాడు, చెప్పనివ్వవయ్యా ఇప్పుడైనా అన్నట్టు. తరవాత అత్త కేసి తిరిగి చెప్పాడు. సైకిలు ఈ రాటకి ఆనించాడమ్మా. ఒక టీ తాగాడు, బాగుందని ఇంకోటి అడిగాడు. రోజూ ఎక్కడికి బాబూ అన్నాను. కాలేజీకి బెంచీ ఒకటి చేస్తున్నాను, దాని పని అయిపోగానే మా అమ్మకి ఒకటి చెయ్యాలి, మిషను ముందు వేసుకోడానికి, వీపుకి ఆనుకోడానికి చెక్కపెట్టి, పాపం నడుం నొప్పి అన్నాడు. ఎంతెత్తు ఉండాలో కొలత కోసం నా స్టూలు మీద కూచుని లేచి చూసుకున్నాడు. నవ్వుకుంటూ పోయాడు.

అత్త తను కూచున్న స్టూలు అంచుని రెండు చేతులతో పట్టుకుంది.

"మళ్ళీ చెప్పండి" అంది.

ఆయన మళ్ళీ మొదట్నుంచీ చెప్పాడు. ఒక్క మాట కూడా మారలేదు.